కార్నియా వాపు గురించి అడిగితే ఓపిగ్గా విడమరిచి చెప్పిన అందరికీ కృతజ్ఞతలు

శుక్లం ఆపరేషన్ తర్వాత కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) ఉబ్బి మసకబారితే ఏం చూడాలి, ఎన్నాళ్లు ఆగాలి అని మేం అడిగినప్పుడు తీరిక చేసుకుని చెప్పిన కార్నియా డాక్టర్లకు, ఆప్టోమెట్రిస్టులకు, నర్సులకు మనస్ఫూర్తిగా ధన్యవాదాలు.

ముందు నేర్పిన మాట: వాపు ఎంత ఉందో కాదు, ఎక్కడుందో చూడండి. కోత పెట్టిన చోట మాత్రమే ఉంటే చాలావరకు కొద్ది రోజుల్లో తగ్గుతుంది. కింది భాగమే ఉబ్బి, ఎన్నాళ్లకీ దిగకపోతే, శుక్లం ముక్క ఒకటి కింది కోణంలో (కార్నియా, ఐరిస్ కలిసే మూలలో) దాగి ఉందేమో గోనియోస్కోపీతో, అంటే ఆ మూలను చూపే లెన్సు పరీక్షతో వెతకాలి. ముక్క తీయందే ఏ చుక్కలూ పనిచేయవు. వాపుకు గీత గీసినట్టు అంచు కనిపిస్తే డెస్మెట్ పొర (కార్నియా లోపలివైపు ఉండే పలుచని పొర) ఊడిందని అనుమానించాలి. మసకలో, కంటిని పెద్దదిగా చూపే స్లిట్ ల్యాంప్‌కు అది దొరక్కపోవచ్చు, కంటి ముందు భాగపు ఓసీటీలో (కాంతితో పొరల అడ్డకోతను చూపే స్కాన్‌లో) తేలుతుంది. ఊడిన మేర ఎక్కువైతే గాలి బుడగో గ్యాసో నింపి, రోగిని వెల్లకిలా పడుకోబెట్టి పొరను అతికిస్తారు.

మర్నాటికే కార్నియా ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తెల్లబడి, నొప్పి పెద్దగా లేకపోతే టాస్ (సూక్ష్మజీవుల వల్ల కాక, ఆపరేషన్‌లో కంట్లోకి చేరిన హానికర పదార్థాల వల్ల వచ్చే వాపు) కావచ్చు. నొప్పి, ఎరుపు పెరుగుతూ చూపు పడిపోతుంటే ఇన్ఫెక్షన్ కిందే లెక్క. ఒక్క పూట కూడా ఆగకూడదు.

5 శాతం సోడియం క్లోరైడ్ చుక్కల గురించి చెప్పింది మాకు బాగా పనికొచ్చింది. అవి పైపొరలోని నీటిని లాగుతాయి, అంతే. లోపలి ఎండోథీలియం పంపును (కార్నియాలోని నీటిని బయటికి తోడే కణాల వరుసను) బాగుచేయవు. రాత్రి రెప్పలు మూసుకుని ఉండటంతో నీరు ఆవిరి కాదు, అందుకే పొద్దున మసక ఎక్కువ, మధ్యాహ్నానికి కాస్త తేట. ఆ తేడా రాసిపెట్టుకోమన్నారు. కంటి ఒత్తిడి పెరిగినా నీరు పైపొరలోకి తోసుకొస్తుంది కాబట్టి స్టెరాయిడ్ చుక్కలు వాడినన్నాళ్లూ ఒత్తిడి కొలవాలి. వాటిని సొంతంగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

కన్ను పొడిబారినవారికి, షుగర్, కీళ్లవాతం ఉన్నవారికి నొప్పి తగ్గించే ఎన్‌ఎస్‌ఏఐడీ చుక్కలతో కార్నియా కరిగే ప్రమాదముందని హెచ్చరించిన ఫార్మసిస్టుకు ప్రత్యేకంగా రుణపడి ఉన్నాం.

పెద్దవాళ్లలో చదరపు మిల్లీమీటరుకు 2500 దాకా ఉండే ఎండోథీలియం కణాలు 500 కిందికి పడితే పంపు చేతులెత్తేస్తుంది, పోయినవి మళ్లీ పుట్టవు. మూడు నెలలకీ తేటపడకపోతే సాధారణంగా డీఎస్ఈకే, డీఎమ్ఈకే (కార్నియా లోపలి పొరను మాత్రమే మార్చే ఆపరేషన్లు) గురించి ఆలోచిస్తారు. డీఎమ్ఈకేలో అతికించే పొర మందం 10, 15 మైక్రాన్లే. ఆ పొర వచ్చేది చనిపోయినవారి కంటి నుంచి. దుఃఖంలో ఉండి కూడా ఆ కళ్లు ఇవ్వడానికి ఒప్పుకున్న కుటుంబాలకు మా నమస్కారాలు.