ఇంద్ర రాయ్ రోడ్డు బోర్డు కింద నాలుగు లైన్లు రాయాలి

సంపాదకులకు నమస్కారం.

వీధుల పేర్ల మార్పు గురించి మీ పత్రికలో వస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. కొత్త పేరు పెట్టాలా, పాతదే ఉంచాలా అని అందరూ వాదిస్తున్నారు గానీ, ఉన్న పేరు ఎవరిదో జనానికి చెప్పాలన్న మాట ఒక్కరూ ఎత్తలేదు. అందుకే కోల్‌కతా నుంచి ఇది రాస్తున్నాను.

ఇక్కడ భవానీపూర్‌లో జదుబాబు బజారు దగ్గర ఇంద్ర రాయ్ రోడ్డు ఉంది. ఇందిరా సినిమా హాలు ఉన్న రోడ్డు అంటే దారి వెంటనే చెప్తారు. ఆ ఇంద్ర రాయ్ ఎవరండీ అని అడిగితే మాత్రం జమీందారు అయ్యుంటాడని ఒకరు, ఎవరో డాక్టరని ఇంకొకరు. ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో 19 ఏళ్లకే ప్రాణాలు పోగొట్టుకున్న యుద్ధ విమాన పైలట్.

పూర్తి పేరు ఇంద్రలాల్ రాయ్. 1898 డిసెంబరు 2న కలకత్తాలోనే పుట్టారు, చదువు లండన్‌లో. 1917లో రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో, అంటే అప్పటి బ్రిటిష్ సైన్యపు విమాన దళంలో, చేరబోతే చూపు సరిగా లేదని తిప్పి పంపేశారు. ఈ కుర్రాడు ఊరుకోలేదు, తన మోటార్ సైకిల్ అమ్మేసి ఆ డబ్బుతో పెద్ద కంటి డాక్టరు దగ్గర మళ్లీ పరీక్ష చేయించుకుని, చూపు బాగానే ఉందని రాయించుకుని మరీ చేరాడు. ఆ డిసెంబరులోనే ఫ్రాన్స్‌లో విమానం కూలి బాగా దెబ్బలు తగిలాయి. చనిపోయాడనుకుని శవాల గదిలో పెడితే లేచి తలుపు కొట్టాడని చెప్తుంటారు. ఆ కథ మాటెలా ఉన్నా, ఇక ఎగరడానికి పనికిరావని చెప్పినా పట్టుబట్టి మళ్లీ యుద్ధానికి వెళ్లిన మాట నిజం.

తిరిగి వెళ్లాక, 1918 జూలై 6 నుంచి 19 లోపు శత్రు విమానాల మీద పది విజయాలు ఆయన ఖాతాలో పడ్డాయి, అందులో రెండు తోటి పైలట్లతో కలిసి సాధించినవి. 8వ తేదీన నాలుగు గంటల్లోనే మూడు. 22న ఫ్రాన్స్‌లోని కార్విన్ అనే ఊరి మీద జర్మన్ ఫోకర్ విమానాలతో పోరాడుతూ కూలిపోయారు. చనిపోయాక డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ అనే బ్రిటిష్ శౌర్య పతకం ప్రకటించారు, ఆ పతకం వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. ఫ్రాన్స్‌లో ఎస్తెవెల్ ఊరి శ్మశానంలో ఆయన సమాధి రాయి మీద బెంగాలీ అక్షరాలు కూడా చెక్కి ఉన్నాయి. అంత దూరాన, ఆ భాష రాని ఊళ్లో అంత శ్రద్ధ తీసుకున్నారు. సొంత ఊళ్లో ఆయనెవరో వీధిలో తిరిగేవాళ్లకే తెలియకపోవడం నాకు బాధగా ఉంది.

తెల్లవాళ్ల యుద్ధంలో తెల్లవాళ్ల కోసం పోరాడినవాడికి మనమెందుకు బోర్డు పెట్టాలి అని నాతో ఒకరు వాదించారు. ఆ ప్రశ్న తప్పు కాదు. బోర్డు మీద దేశభక్తుడనో స్వాతంత్ర్య సమరయోధుడనో రాయమని నేనూ అనను, ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు. కానీ భారతీయులు విమానం నడపడమే అరుదైన రోజుల్లో మనవాడు అది చేసి చూపించాడు. భారత వైమానిక దళానికి మొదటి భారతీయ అధిపతి అయిన సుబ్రతో ముఖర్జీ ఆయనకు మేనల్లుడి వరస. దుండిగల్ వైమానిక దళ అకాడమీలో సీటు కోసం టెన్షన్ పడుతూ ప్రిపేరయ్యే మన తెలుగు పిల్లలకు ఈ కుర్రాడి కథ తెలియొద్దా?

శతజయంతికి 1998లో తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది, కాబట్టి వివరాల కోసం ఎవరూ కొత్తగా వెతకక్కర్లేదు. వీధి బోర్డు కింద చిన్న రేకు ఒకటి బిగించి పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, ఎక్కడ ఎలా పోయారో బెంగాలీలోనూ ఇంగ్లిష్‌లోనూ రాయిస్తే సరిపోతుంది. ఇక్కడి అధికారులకు నేను విడిగా రాస్తున్నాను. మీరు మాత్రం ఆదివారం పిల్లల పేజీలో ఇంద్రలాల్ రాయ్ గురించి ఒక వ్యాసం వేయండి, అలాగే పాఠకుల ఊళ్లలో ఇలా ఎవరివో తెలియని పేర్లున్న వీధులేవో రాసి పంపమని అడగండి.

– ఒక పాఠకురాలు, కోల్‌కతా