హోల్డ్‌లోకి వెళ్లడమే కాదు, నావిగేటర్‌ను ఎప్పుడు ఆపాలో కూడా నేర్పాలి

సంపాదకులకు నమస్కారం.

చిన్న విమానాల ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణలో (బయటి దృశ్యం మీద కాక పరికరాల మీద ఆధారపడి నడపడం) ఒక లోటు గురించి రాస్తున్నాం. హోల్డ్‌లోకి, అంటే ఆకాశంలో ఒక నిర్ణీత బిందువు (ఫిక్స్) దగ్గర తిరిగే అండాకార చుట్టులోకి, డైరెక్ట్, టియర్‌డ్రాప్, ప్యారలల్ పద్ధతుల్లో ఎలా వెళ్లాలో విద్యార్థుల చేత బాగానే సాధన చేయిస్తున్నారు. ఆ సమయంలో దారి చూపే జీపీఎస్ నావిగేటర్ ఏం చేస్తుందో మాత్రం పైపైన చెప్పి వదిలేస్తున్నారు. తడబాటు వచ్చేది అక్కడే.

రన్‌వేకు దిగే దారి (అప్రోచ్) మొదట్లో దిశ మార్చుకునే మలుపుకు (ప్రొసీజర్ టర్న్) బదులుగా ఉండే హోల్డ్‌ను గార్మిన్ 430, 530 నావిగేటర్లు ఒక్క చుట్టుకే లెక్కగడతాయి. చుట్టు తిరిగి ఫిక్స్ మీదికి రాగానే దారిలోని తర్వాతి బిందువుకు (వేపాయింట్) వాటంతటవే మారిపోతాయి. ఎత్తు ఇంకా దిగాల్సి ఉండి మరో చుట్టు కావాలనుకుంటే కంట్రోలర్‌కు చెప్పి, ఫిక్స్‌ను రెండోసారి దాటకముందే ఓబీఎస్ మీట నొక్కి ఆ మార్పును ఆపాలి (సస్పెండ్ చేయాలి). దాటిపోయాక నొక్కినా లాభం లేదు, హోల్డ్‌ను మళ్లీ యాక్టివేట్ చేసుకోవాల్సిందే. చివరి చుట్టులో ఫిక్స్ వైపు (ఇన్‌బౌండ్) తిరిగాక సస్పెండ్ తీసేయాలి. చాలామంది మరిచేది ఇదే. తీయకపోతే లెగ్ (దారిలోని భాగం) మారదు, అప్రోచ్ యాక్టివ్ కాదు, దిగే వాలు చూపే గ్లైడ్‌పాత్ రాదు. దారి నుంచి ఎంత పక్కకు జరిగామో చూపే సూది ఇంకా 1 నాటికల్ మైలు ముతక స్కేలు మీదే ఉంటుంది. అది మధ్యలో నిలిచి ఉందని నమ్మి దిగడం ప్రాణాంతకం. తెరపై ఎల్‌పీవీ లేదా ఎల్‌నావ్ అనే అప్రోచ్ మోడ్ పేరు కనిపించనిదే రన్‌వే ముందరి చివరి భాగంలో (ఫైనల్) కిందికి దిగకూడదు.

కంట్రోలర్ హోల్డ్ తిరగకుండా నేరుగా రావడానికి (స్ట్రెయిట్-ఇన్) అనుమతించినప్పుడు దీనికి తిరగబడిన చిక్కు వస్తుంది. ఫ్లైట్ ప్లాన్‌లో హోల్డ్‌ను అలాగే ఉంచేస్తే, రోల్ స్టీరింగ్ ఉన్న (నావిగేటర్ చూపే మలుపులను తానే తిరిగే) ఆటోపైలట్ ఫిక్స్ దగ్గర విమానాన్ని వెనక్కి తిప్పేస్తుంది.

మిస్డ్ అప్రోచ్‌లో, అంటే దిగడం మానుకుని మళ్లీ పైకి వెళ్లేటప్పుడు, నావిగేటర్ తీరు వేరు. అలా మానుకోవడానికి చార్టులో గుర్తించిన మిస్డ్ అప్రోచ్ పాయింట్ దాటగానే అది తానే సస్పెండ్ అవుతుంది, మీట నొక్కాకే హోల్డ్ ఫిక్స్ వైపు దారి చూపుతుంది. ముందు పవర్, పిచ్, తర్వాత గేర్, ఫ్లాప్స్. విమానం నిలకడగా ఎక్కుతోందని తేలాకే మీట జోలికి పోవాలి. చార్టులో ఫలానా ఎత్తుకు నేరుగా ఎక్కి ఆ తర్వాతే తిరగాలని ఉంటే మరింత జాగ్రత్త కావాలి. 430కి ఆ ఎత్తు సంగతి తెలియదు. తొందరపడి నొక్కితే ఎత్తు అందకముందే మలుపు చూపిస్తుంది, ఆ వైపు కొండ ఉండవచ్చు. మిస్డ్ అప్రోచ్ పాయింట్ రాకముందే దిగడం మానుకోవాలని నిర్ణయించుకున్నా, ఎక్కడం వెంటనే మొదలుపెట్టవచ్చు కానీ మలుపు మాత్రం ఆ పాయింట్ దాటాకే.

మిస్డ్ అప్రోచ్ చివర వచ్చే ఈ హోల్డ్‌లో చుట్ల లెక్క ఉండదు, పైలట్ బయటికి తెచ్చేదాకా నావిగేటర్ సస్పెండ్‌లోనే ఉంటుంది. దూరం ఇవ్వని హోల్డ్‌లో 14,000 అడుగులు, అంతకు దిగువన ఇన్‌బౌండ్ లెగ్ 1 నిమిషం వచ్చేలా గాలిని బట్టి అవుట్‌బౌండ్‌ను (ఫిక్స్ నుంచి దూరంగా వెళ్లే భాగాన్ని) సరిచేసుకోవాలి.

కొత్త టచ్‌స్క్రీన్ నావిగేటర్లు కొన్నిచోట్ల ప్రశ్న అడిగి మరీ ముందుకు వెళ్తాయి. అందుకని సాధన తగ్గించరాదు. శిక్షణ సంస్థలకు మా విన్నపం: ఈ రెండు హోల్డ్‌లనూ విద్యార్థి నడిపే విమానంలోని నావిగేటర్ మీదే, ముందు నేలపై ట్రైనర్ సాఫ్ట్‌వేర్‌లో, తర్వాత గాల్లో చేయించండి. ఫిక్స్ దాటిన ప్రతిసారీ ఏ లెగ్ యాక్టివ్‌గా ఉందో, సస్పెండ్ ఉందో లేదో విద్యార్థి పైకి చెప్పాలని పట్టుబట్టండి.

ఇట్లు,
ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్ శిక్షకులు