‘ఒంటిపై గాయాలు లేవు’: హోం మంత్రి గారికి ఒక విశ్రాంత వైద్యుడి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర హోం శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. వరంగల్ చుట్టుపక్కల ప్రభుత్వ ఆసుపత్రుల్లో మూడు దశాబ్దాలు పనిచేసి, ఇప్పుడు హనుమకొండలో విశ్రాంతి తీసుకుంటున్న వైద్యుణ్ణి. అరెస్టయిన మనిషిని హింసించరాదన్న నిషేధం మన రాష్ట్రంలో ఏ చోట నీరుగారిపోతున్నదో, అందులో నా వంటి వాళ్ళ పాలు ఎంతో మీ దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

కొన్నేళ్ళ కిందట ఒక ఏరియా ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్నాను. బండి దొంగతనం కేసులో అరెస్టయిన ఒక తండా కుర్రవాణ్ణి ఇద్దరు కానిస్టేబుళ్ళు రిమాండుకు ముందు వైద్య పరీక్షకు తీసుకొచ్చారు. చెప్పులు చేతిలో పట్టుకుని, పాదాలు పూర్తిగా నేలకు ఆనించకుండా బయటి అంచుల మీద నడుచుకుంటూ వచ్చాడు. ఏమైందని అడిగితే, తలుపు దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్ వైపు చూస్తూ, “ఏం గాలె సార్, బాయికాడ కాలు జారిన” అన్నాడు. “జెర జల్ది చేయుండ్రి సార్, మేజిస్ట్రేట్ సారు ఇంటికాడ ఉన్నడు” అని కానిస్టేబుల్ తొందరపెట్టాడు. నేను చొక్కా విప్పించలేదు, అరికాళ్ళు చూడలేదు. ‘ఒంటిపై గాయాలు లేవు’ అని రాసి సంతకం పెట్టాను. ఆ కుర్రవాడు నా మొహం వైపు చూడలేదు, కలం వైపే చూశాడు.

అరికాళ్ళ మీద లాఠీతో కొడితే చర్మం చిట్లకపోవచ్చునని, లోపలి కండ వాచి, కొద్ది రోజుల్లో పైకి ఆనవాలు లేకుండా పోవచ్చునని నాకు తెలియనిది కాదు. వీపు మీదో తొడ మీదో లాఠీ పడితే రెండు ఎర్రని చారలు పక్కపక్కనే తేలి, వాటి మధ్య పాలిపోయిన గీత మిగులుతుంది. అలాంటి గుర్తు కాలు జారి పడితే రాదు. కమిలిన చోటు మొదట ఎర్రగా, తర్వాత నీలంగా, ఆపైన ఆకుపచ్చగా, పసుపుగా మారే క్రమాన్ని బట్టి దెబ్బ ఇంచుమించు ఎప్పటిదో కూడా అంచనా వేయవచ్చు. ఇవన్నీ ఫోరెన్సిక్ మెడిసిన్‌లో చదువుకుని, పరీక్ష రాసి, మార్కులు తెచ్చుకున్నవాణ్ణి.

ఐక్యరాజ్యసమితి 1984 డిసెంబర్ 10న ఆమోదించిన చిత్రహింసల వ్యతిరేక ఒడంబడికను ఉద్యోగం మానేశాకే తీరికగా చదివాను. నేరం ఒప్పించడానికో, శిక్షించడానికో, భయపెట్టడానికో ఉద్దేశపూర్వకంగా తీవ్రమైన శారీరక లేదా మానసిక బాధ కలిగించడం చిత్రహింస అని దాని మొదటి అధికరణ చెబుతుంది. ఆ పని ప్రభుత్వోద్యోగి స్వయంగా చేసినా, అతని ప్రోద్బలంతో జరిగినా, అతని సమ్మతితో లేక మౌనాంగీకారంతో జరిగినా ఒకటే. ఆ ‘మౌనాంగీకారం’ అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. దానికి నా సంతకం కన్నా మంచి ఉదాహరణ వెతకనక్కరలేదు.

భారతదేశం ఆ ఒడంబడికపై 1997 అక్టోబర్‌లో సంతకం చేసింది, ఇప్పటికీ ధ్రువీకరించలేదు, అంటే దానికి కట్టుబడి ఉంటానని లాంఛనంగా ఒప్పుకోలేదు. 2010లో లోక్‌సభ చిత్రహింసల నివారణ బిల్లును ఆమోదించింది గానీ, రాజ్యసభ దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపాక అది ముందుకు కదలక 2014లో ఆ లోక్‌సభతోపాటే కాలం చెల్లింది. 2017లో లా కమిషన్ తన 273వ నివేదికలో ధ్రువీకరించమని సిఫారసు చేస్తూ ముసాయిదా చట్టాన్ని కూడా జతచేసింది. చట్టం చేయమని పార్లమెంటును ఆదేశించడానికి 2019లో సుప్రీంకోర్టు నిరాకరించింది. ఈ జాప్యానికి దేశం మూల్యం కూడా చెల్లించింది: 1995లో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియాలో విమానం నుంచి ఆయుధాలు జారవిడిచిన కేసులో నిందితుణ్ణి మనకు అప్పగిస్తే చిత్రహింసలకు గురయ్యే ప్రమాదముందని 2011లో డెన్మార్క్ హైకోర్టు అప్పగింతకు ఒప్పుకోలేదు.

ఇవన్నీ ఢిల్లీ సంగతులని మీరు అనవచ్చు. అయితే చిత్రహింసలను నిషేధించే అంతర్జాతీయ పౌర, రాజకీయ హక్కుల ఒప్పందంలో భారతదేశం 1979లోనే చేరింది. దాని 7వ అధికరణను అత్యవసర పరిస్థితిలో సైతం పక్కనపెట్టే వీలు లేదు. ఈ మాట ఉత్తర తెలంగాణకు ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే ‘ఇక్కడి పరిస్థితులు వేరు’ అన్న వాదన వింటూనే మేము పెరిగాం, దాని నీడలోనే ఉద్యోగాలు చేశాం. పౌరహక్కుల కోసం నిలబడిన పిల్లల డాక్టరు రామనాథం గారిని 1985 సెప్టెంబర్ 3న ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపిన ఊరు మాది.

‘నాలుగు తగిలిస్తే గానీ నిజం కక్కడు’ అనే మాట మీ శాఖలోనే కాదు, మా డ్యూటీ గదుల్లోనూ వినిపించేది. పోలీసుల ముందు ఇచ్చిన నేరాంగీకారం కోర్టులో చెల్లదని పాత సాక్ష్యాధార చట్టంలోనూ ఉంది, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్‌లోనూ ఉంది. కానీ నిందితుడు చెప్పిన మాట వల్ల ఒక వస్తువు బయటపడితే, దానికి సంబంధించినంత మేర ఆ మాట చెల్లుతుంది. అంటే మనిషిని కొట్టి చెప్పించిన మాట పనికిరాకపోయినా, చెప్పిన చోట దొరికిన బండి పనికొస్తుంది. లాఠీకి ఇంకా గిరాకీ ఉన్నది ఈ సందులోనే అని నా అనుమానం. 1860 నాటి శిక్షాస్మృతి 330వ సెక్షన్ కింద ఇచ్చిన మొట్టమొదటి ఉదాహరణే, నేరం ఒప్పించడానికి పోలీసు అధికారి ఒకరిని హింసించడం. నూటయాభై ఏళ్ళకు పైగా చట్టం పుస్తకంలో ఉన్న నేరానికి సాక్ష్యం దొరకదు, ఎందుకంటే సాక్ష్యం రాయవలసినవాడు గాయాలు లేవని రాస్తాడు.

అందుకే నా విన్నపం పెద్ద చట్టాల గురించి కాదు, ఒక కాగితం గురించి. అరెస్టు, విచారణల పద్ధతిని నిర్ణయించే భారతీయ నాగరిక సురక్షా సంహిత 53వ సెక్షన్ ప్రకారం అరెస్టయిన మనిషిని వెంటనే వైద్యుడు పరీక్షించాలి, గాయాలూ హింస ఆనవాళ్ళూ ఉంటే అవి ఇంచుమించు ఎప్పటివో రాయాలి, ఆ నివేదిక ప్రతిని అరెస్టయిన మనిషికి లేదా అతను చెప్పిన వ్యక్తికి ఇవ్వాలి. నా సర్వీసంతటిలో ఆ ప్రతిని ఒక్క నిందితుడి చేతికి ఇచ్చిన గుర్తు నాకు లేదు. కాగితం మడిచి కానిస్టేబుల్ జేబులో పెట్టుకునేవాడు. నిర్బంధంలో ఉన్నన్నాళ్ళూ నలభై ఎనిమిది గంటలకొకసారి వైద్య పరీక్ష జరగాలని డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. స్టేషన్లలో మాట కూడా రికార్డయ్యే సీసీ కెమెరాలు పెట్టాలని 2020లో ఆదేశించింది. కెమెరాకు స్టేషన్ బయట ఆగిన జీపు కనిపించదు. ఒంటి మీది గుర్తు మాత్రం మనిషి వెంట ఆసుపత్రి దాకా వస్తుంది.

ఆరోగ్య శాఖతో కలిసి ఒక ఉమ్మడి ఉత్తర్వు ఇవ్వమని కోరుతున్నాను. పరీక్ష జరిగేటప్పుడు పోలీసులు మాట వినపడనంత దూరంలో, గది బయట ఉండాలి. బట్టలు తీయించి, అరికాళ్ళతో సహా చూడాలి. మహిళలను మహిళా వైద్యురాలే చూడాలి. చిత్రహింసల ఆనవాళ్ళను ఎలా నమోదు చేయాలో చెప్పే ఐక్యరాజ్యసమితి ఇస్తాంబుల్ ప్రోటోకాల్‌లో ఉన్నట్టు మనిషి బొమ్మ ముద్రించిన ఫారం మీద గాయాలను గుర్తించాలి. నివేదిక ప్రతి అందినట్టు నిందితుడి సంతకమో వేలిముద్రో అదే ఫారం మీద తీసుకోవాలి, అది లేకుండా వచ్చిన రిమాండు కాగితాలను అసంపూర్ణంగా చూడమని న్యాయాధికారులకు సూచించవలసిందిగా హైకోర్టును అభ్యర్థించాలి. గాయాలు ఉన్నట్టు రాసిన వైద్యుణ్ణి మరుసటి నెల దూరపు పీహెచ్‌సీకి బదిలీ చేయకుండా రక్షణ కల్పించాలి. ఈ చివరిది చిన్న విషయంగా అనిపించవచ్చు, కానీ ఆ రాత్రి నా కలాన్ని ఆపింది ఆ భయమే.

ఫారం నమూనా ఒకటి తయారుచేసి దీనికి జతచేస్తున్నాను. రెండు పేజీలే, అరికాళ్ళ బొమ్మ రెండో పేజీలో ఉంది.

భవదీయుడు,
విశ్రాంత ప్రభుత్వ వైద్యుడు,
హనుమకొండ