ఒకే లాగిన్‌కు ముందు ఒకే మాట మీదకు రావాలి

సంపాదకులకు,

సొంత విశ్వవిద్యాలయం ఇచ్చిన యూజర్ ఐడీతోనే మిగతా విశ్వవిద్యాలయాల ఈ-జర్నళ్లు, పరిశోధన సర్వర్లు వాడుకునే ఫెడరేషన్ గురించి ఎక్కడ చర్చ జరిగినా ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి, సర్వర్ ఎవరు పెట్టాలి అన్న దగ్గరే ఆగిపోతోంది. నేను ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఈ-వనరుల విభాగం చూస్తాను. నా అనుభవంలో అది పెద్ద చిక్కే కాదు. షిబ్బోలెత్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. ఒక సంస్థ తన మనిషి గురించి ఇంకో సంస్థకు ఏయే వివరాలు పంపాలి, వాటిని ఎలా అర్థం చేసుకోవాలి అన్నది తేల్చుకోకపోవడమే అసలు చిక్కు.

ఈ పద్ధతిలో పాస్‌వర్డ్ సొంత సంస్థ గడప దాటదు. అవతలి సర్వర్‌కు వెళ్లేవి అట్రిబ్యూట్లు, అంటే ఆ మనిషి గురించిన వివరాలు మాత్రమే. ఈమె మా విద్యార్థిని, ఈమె గుర్తింపు ఇది అన్న ఆ నాలుగు ముక్కలు నమ్మే అవతలివాళ్లు లోపలికి రానిస్తారు.

ఆ ముక్కల్లో తేడా వస్తే ఏమవుతుందో చూడండి. ఒక పరిశోధక విద్యార్థిని థీసిస్ సమర్పించింది, వైవా ఇంకా కాలేదు. ఈలోగా రికార్డులో కోర్సు పూర్తయినట్టు పడింది. దాంతో విశ్వవిద్యాలయం తన యూజర్ల వివరాలు ఉంచే డైరెక్టరీలో ఆమె విద్యార్థి హోదా పోయింది, జర్నళ్లు తెరుచుకోవడం మానేశాయి. పరీక్షకుల ప్రశ్నలకు సిద్ధం కావాల్సిన వేళ ఆమెకు ఈ టెన్షన్ ఎందుకు? ఇంకో విశ్వవిద్యాలయంలో అయితే పట్టా చేతికొచ్చేదాకా విద్యార్థే. ఎవరి నిబంధన వాళ్లది, తప్పనలేం. కానీ అందరూ ఒకే ఫెడరేషన్‌లో చేరాక ఒకరికో న్యాయం, ఇంకొకరికో న్యాయం ఎలా కుదురుతుంది?

ఉమ్మడి పట్టిక లేకపోలేదు. ఎడ్యుపర్సన్ అనేది 2001 నుంచే ఉంది. విద్యార్థి, అధ్యాపకుడు, సిబ్బంది, సభ్యుడు, పూర్వ విద్యార్థి వంటి కొద్దిపాటి హోదాలే అందులో ఉంటాయి. అయినా సిబ్బంది అన్నప్పుడు అధ్యాపకులు కూడా వస్తారా అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంది. గ్రంథాలయ లైసెన్సుల వరకైతే సభ్యుడు అన్న ఒక్క హోదా చాలావరకు సరిపోతుంది, అంతకుమించి అడగనక్కర్లేదని నా అభిప్రాయం.

అన్నిటికంటే నాకు భయం కలిగించేది ఐడీలను మళ్లీ వాడటం. ఉద్యోగి రిటైరయ్యాక అదే ఐడీని కొత్తగా చేరినవాళ్లకు ఇచ్చే సంస్థలున్నాయి. సొంత సంస్థలో పాత ఖాతా తుడిచేసి ఉండొచ్చు. అవతలి సర్వర్‌కు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? పాత మనిషి ఫైళ్లను కొత్త మనిషి ముందు పెట్టేస్తుంది. సాంకేతిక ప్రమాణాలు రూపొందించే ఓయాసిస్ సంస్థ 2019లో ఖరారు చేసిన ప్రమాణం ప్రకారం ఒకరికిచ్చిన గుర్తింపు ఇంకొకరికి ఎప్పటికీ ఇవ్వకూడదు. ఒక్కో సర్వీసుకు ఒక్కో గుర్తింపు పంపే వీలూ అందులో ఉంది. అలా పంపితే ఫలానా వ్యక్తి ఎక్కడెక్కడ ఏం చదువుతున్నాడో నాలుగు కంపెనీలు కలిసి ఆరా తీయడం కష్టం.

పేర్ల దగ్గరా ఇబ్బందే. డైరెక్టరీ ప్రమాణంలో ఇంటిపేరు గడి ఖాళీగా వదలకూడదు. ఇంటిపేరు లేనివాళ్లకు అక్కడ ఒక చుక్క పెట్టేస్తారు. ఆ చుక్క అవతలి సంస్థ తెర మీద పేరులా కనిపిస్తుంది. తెర మీద చూపించే పూర్తి పేరును విడిగా ఒక గడిలో పంపాలన్న నియమం పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

ఫోన్ నంబరు, పుట్టిన తేదీ లాంటివి మాత్రం ఈ జాబితాలోకి రానివ్వొద్దు. జర్నల్ చదవడానికి వాటితో పనేముంది?

కాబట్టి దీన్ని కంప్యూటర్ సెంటర్ మీద వదిలేయకుండా రిజిస్ట్రార్లు, పరీక్షల విభాగం, గ్రంథాలయం కలిసి కూర్చోవాలని కోరుతున్నాను. పంపాల్సిన ఐదారు వివరాలను, ఒక్కోదాని నిర్వచనాన్ని రాతపూర్వకంగా ఖరారు చేసి అన్ని విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లలో పెట్టాలి. విద్యార్థి హోదా ఏ రోజుతో ముగుస్తుందో అందులో స్పష్టంగా ఉండాలి, వైవా కోసం ఎదురుచూస్తున్నవాళ్లతో సహా.

— విశ్వవిద్యాలయ గ్రంథాలయ ఉద్యోగి, ఈ-వనరుల విభాగం