బెత్తెడు సందు చాలదు

మా షాపులో ఫిఫ్త్ వీల్ హిచ్ (పెద్ద ట్రైలర్‌ను తగిలించడానికి ట్రక్కు వెనక తొట్టెలో బిగించే కొక్కెం) బిగించుకున్న వారందరికీ,

పోయిన నెలలో ఒక దంపతులు తమ ట్రక్కు తీసుకొచ్చి వెనకభాగం చూపించారు. టెయిల్‌గేట్ (వెనక తలుపు) పక్కన, ఎడమవైపు బెడ్ (సామాను తొట్టె) అంచు మీద జానెడు మేర రంగు లేచిపోయింది. రేకు లోపలికి నొక్కుకుపోయింది. ట్రైలర్ ముందుభాగం కింద ఉండే లావు కడ్డీని కింగ్‌పిన్ అంటారు. హిచ్ దవడలు ఆ కింగ్‌పిన్‌ను సరిగా పట్టక ట్రైలర్ జారిపడితే సాధారణంగా రెండు అంచులూ నలుగుతాయి. ఇక్కడ నలిగింది ఒక్కటే. అంటే ట్రైలర్ జారిపడలేదు, ఒరిగి దాని అడుగు తగిలింది. పెట్రోలు బంకు నుంచి మలుపు తిరుగుతూ రోడ్డెక్కేటప్పుడు, వాన నీటి పల్లం దగ్గర 'కర్ర్'మని చప్పుడైందట. ఆ హిచ్ బిగించింది నేనే. కొలతలు తీసిందీ నేనే. వారి బెడ్ అంచు బాగుచేయించే ఖర్చు నేనే పెట్టుకున్నాను. అంతటితో ఊరుకుంటే మిగిలిన మీకు అన్యాయం అవుతుంది కాబట్టి ఈ ఉత్తరం.

నా తప్పు ఇదీ. ట్రైలర్ నేలకు సమాంతరంగా ఉండాలన్నది నేను మొదటి నుంచీ పట్టుకున్న సూత్రం. సూత్రంలో దోషం లేదు. అయితే ఇప్పటి ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కుల బెడ్లు పాతవాటి కంటే చాలా ఎత్తు. వాటి మీద ట్రైలర్‌ను సమంగా నిలపాలంటే హిచ్ తలను (కింగ్‌పిన్‌ను పట్టే పైభాగాన్ని) ఎత్తు సర్దే రంధ్రాల్లో కిందిదానికి దించాల్సి వచ్చేది. అలా దించినప్పుడల్లా బెడ్ అంచుకూ ట్రైలర్ అడుగుకూ మధ్య సందు 4 అంగుళాలకు పడిపోయేది. బెత్తెడుకు కాస్త ఎక్కువ. మా షాపు ముందున్న చదునైన సిమెంటు నేల మీద అది ఎంతో ముచ్చటగా కనిపించేది. నేను సరే అనేవాడిని.

రోడ్డు అలా చదునుగా ఉండదు కదా! ట్రక్కునూ ట్రైలర్‌నూ కలిపేది ఒక్క కింగ్‌పిన్. దాని చుట్టూ రెండూ ఎవరి దారిన అవి వంగుతాయి. ట్రక్కు ముక్కు పల్లంలోకి దిగితే తోక పైకి లేస్తుంది. హిచ్ నుంచి టెయిల్‌గేట్ దాకా సుమారు 4 అడుగులు అనుకోండి. 5 డిగ్రీల వంపుకే అక్కడ 4 అంగుళాల పైచిలుకు సందు పోతుంది. పక్కకు ఒరిగినప్పుడూ అంతే. కింగ్‌పిన్ నుంచి పక్క అంచుకు సుమారు 3 అడుగులు, 5 డిగ్రీలకు 3 అంగుళాలు. పల్లాన్ని ఐమూలగా దాటితే ఈ రెండూ ఒకేసారి జరుగుతాయి. ఇది ఎనిమిదో తరగతి లెక్క. చేతిలో టేపు ఉండి కూడా వేసుకోలేదు.

అందుకే ఇకపై మా దగ్గర కనీసం ఐదున్నర అంగుళాల సందు లేకుండా ఏ బండీ బయటికి వెళ్లదు. 6 ఉంటే నాకు నిద్ర పడుతుంది. మట్టిదారుల్లో క్యాంపింగ్‌కు వెళ్లేవారికి ఇంకా ఎక్కువ కావాలి.

సందు పెంచడం కష్టం కాదు. హిచ్ తలను పై రంధ్రానికి మార్చవచ్చు, లేదా ట్రైలర్‌కు ఉన్న పిన్ బాక్స్‌ను (కింగ్‌పిన్ బిగించి ఉండే ముందరి భాగాన్ని) కిందికి దించి బిగించవచ్చు. ఎలా చేసినా ట్రైలర్ ముక్కు లేస్తుంది. కొద్దిగా లేస్తే ఫరవాలేదు. ఎక్కువైతే వెనక ఇరుసు మీదా దాని టైర్ల మీదా అదనపు భారం పడుతుంది. అప్పుడు ట్రైలర్‌నే పైకి లేపాలి. స్ప్రింగులు ఇరుసు కింద ఉంటే వాటిని ఇరుసు పైకి మార్చడం ఒక పద్ధతి. దీనిని 'ఇరుసు తిరగేయడం' అంటారు కానీ నిజానికి ఇరుసును తిరగేయకూడదు. ట్రైలర్ ఇరుసులో చాలావరకు కావాలనే పెట్టిన చిన్న వంపు ఉంటుంది. అది తలకిందులైతే టైర్లు ఒకవైపే అరిగిపోతాయి. స్ప్రింగు కూర్చునే దిమ్మెలను ఇరుసు పైభాగాన కొత్తగా వెల్డింగు చేయాలి. ఇలా లేపితే మెట్ల ఎత్తు కూడా పెరుగుతుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే అది కూడా ఆలోచించుకోండి.

ట్రక్కునే కిందికి దించమని ఇద్దరు అడిగారు. ఆ పని నేను చేయను.

ఇక డబ్బు మాట. హిచ్ తల, పిన్ బాక్స్ సర్దుబాటు మా పాత కస్టమర్లందరికీ ఉచితం. ఇరుసు పని మాత్రం ఉచితంగా చేసే స్తోమత నాకు లేదు. కూలీలో సగం తగ్గిస్తాను, సామాను ఖర్చు మీది. కొత్తగా వచ్చేవారు ట్రక్కుతో పాటు ట్రైలర్‌నూ తీసుకురావాలి. ఇన్నాళ్లూ ట్రైలర్ ఎత్తును ఫోనులో అడిగి రాసుకునేవాణ్ని. దానివల్లే సగం చిక్కులు వచ్చాయి.

షాపుకు వచ్చే ముందు మీరే ఒకసారి కొలుచుకోండి. చదునైన చోట, ప్రయాణానికి నింపినట్టే సామాను నింపి, ట్రైలర్ తగిలించి, రెండు పక్కలా బెడ్ ముందు చివర ఒకసారి, వెనక చివర ఒకసారి చూడండి. నాలుగింటిలో తక్కువ వచ్చిన అంకే లెక్క. బెడ్ మీద మడత మూత ఉంటే దాని పట్టాల పైనుంచి కొలవాలి. ఒకాయన 6 అంగుళాలు ఉందని గట్టిగా వాదించారు. వెళ్లి చూస్తే మూత పట్టాలే ఒకటిన్నర అంగుళం తినేశాయి.

పొట్టి బెడ్ ఉన్నవారికి ఇంకో ముప్పు ఉంది. మలుపులో ట్రైలర్ మూల క్యాబిన్ అద్దాన్ని తాకవచ్చు. చాలా ట్రైలర్ల వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు, అంటే మధ్య నుంచి అంచుకు 51 అంగుళాలు. మలుపులో ట్రైలర్‌ను క్యాబిన్‌కు దూరంగా వెనక్కి జరిపే హిచ్ లేకుండా పొట్టి బెడ్‌కు నేను బిగించను. ఇది ముందు నుంచీ ఉన్న నియమమే.

శనివారం ఉదయం ముందుగా చెప్పకుండానే రావచ్చు. మా షాపు వాకిట్లోనూ ఒక నీటి పల్లం ఉంది. దాన్ని ఐమూలగా కాకుండా, నేరుగా, మెల్లగా దాటి లోపలికి రండి.