బాబాయ్ ఆపరేషన్, ఆ కోత సంగతి

ఒరేయ్ శీనూ,

బాబాయ్ పొట్టలో ఉబ్బిన బృహద్ధమనికి (గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం) స్టెంట్ కుదరదన్నారు, పొట్ట తెరిచే చెయ్యాలన్నారు, సరే. రక్తనాళం మార్చడం గురించి అక్కడ డాక్టర్లు నీకు బొమ్మలు గీసి మరీ చెబుతారు. వాళ్లు ఒక్క ముక్కలో దాటేసేది కోత దగ్గర తర్వాత వచ్చే హెర్నియా, అంటే పొట్ట గోడ విడిపోయి లోపలి పేగు చర్మం కిందకి ఉబ్బడం. ఈ ఉత్తరం దాని గురించే.

బృహద్ధమని ఉబ్బినవాళ్లకి ఈ బెడద ఎక్కువ. అదే నాళం పూడుకుపోయి అంతే కోత పడినవాళ్లకంటే కూడా ఎక్కువ. నాళం గోడ సాగిపోయింది దానికి పట్టునిచ్చే కొలాజెన్, ఎలాస్టిన్ పోగులు దెబ్బతిని. పొట్ట గోడని పట్టి ఉంచేదీ ఆ కొలాజెనే కదా! పైగా చుట్టలు, ఆ దగ్గు. బెల్జియంలో ఇలాంటి 120 మందితో చేసిన ట్రయల్‌లో, ఉత్త కుట్టు వేసినవాళ్లలో రెండేళ్లకి 28 శాతం మందికి హెర్నియా వచ్చింది. కండరం వెనక మెష్ (వలలాంటి గుడ్డ) కూడా పెట్టినవాళ్లలో ఒక్కరికీ రాలేదు. అది చూసి మురిసిపోకు. నెదర్లాండ్స్, జర్మనీ, ఆస్ట్రియాల్లో లావుపాటి మనుషుల్నీ కలిపి చేసిన ఇంకో ట్రయల్‌లో ఉత్త కుట్టుకి 30 శాతం, మెష్‌ని కండరం వెనక పెడితే 18, కండరం మీద పెడితే 13 వచ్చింది. మీద పెడితే నీరు చేరడం మాత్రం ఎక్కువ.

రేపు హెర్నియా వస్తే పిన్ని "బిందె ఎత్తావు, అందుకే" అని ఆయన్ని దెప్పుతుంది. సగం సంగతి ఆపరేషన్ టేబుల్ మీదే తేలిపోతుందిరా. పొట్ట మధ్యలో కండరాలు కలిసేచోట తెల్లటి గట్టి పట్టీ ఉంటుంది. కుట్టు దానికే పడాలి, కొవ్వునీ కండరాన్నీ కలిపి లాక్కూడదు. కలిపితే నాలుగు రోజుల్లో కొవ్వు నలిగి దారం వదులవుతుంది, అంచులు విడిపోతాయి. అలాగని బిగించి లాగితే రక్తం అందక అంచు చచ్చి, దారం కోసుకుపోతుంది. నెమ్మదిగా కరిగే సన్నటి ఒంటిపోగు దారంతో, అంచుకి 5 నుంచి 8 మిల్లీమీటర్ల దూరంలో, 5 మిల్లీమీటర్లకో కుట్టు వెయ్యాలి. కోత 25 సెంటీమీటర్లయితే లోపల కనీసం మీటరు దారం పట్టాలి, అంటే నాలుగింతలు. మిగిలిన ముక్క కొలిచి తీసేస్తే లెక్క తెలిసిపోతుంది. కొలిచే సర్జన్ దొరికితే వదలకు.

నాళం పగిలి అర్ధరాత్రి పరిగెత్తితే ఇవన్నీ అడిగే తీరిక ఉండదు. బాబాయ్‌ది తేదీ పెట్టుకుని చేసేది కాబట్టి ముందే అడుగు: "చిన్న కుట్లేనా? మెష్ పెడతారా? పెడితే ఎక్కడ?" మెష్‌కి ఓ పావుగంట అదనంగా పడుతుంది, అంతే. చుట్ట మాత్రం కనీసం నాలుగు వారాల ముందే మాన్పించు.

తర్వాత, మంచం మీంచి తిన్నగా లేవనివ్వకు. పక్కకి తిరిగి, కాళ్లు దించి, మోచేతి మీద లేవాలి. దగ్గొస్తే దిండు పొట్టకి అదుముకోమను. మలబద్ధకం రానివ్వకు. పొట్టకి కట్టే బెల్టు హాయిగా ఉంటుందే గానీ దానివల్ల హెర్నియా ఆగుతుందనుకోకు. బరువులు ఎన్ని వారాలు వద్దనేది సర్జన్నే అడుగు, తలా ఒక లెక్క చెబుతారు. నడక మాత్రం మొదటి వారం నుంచే ఉండాలి.

మొదటి రెండు వారాల్లో కోతలోంచి లేత ఎర్రటి నీరు ఒక్కసారిగా కారితే లోపలి కుట్టు విడిపోతోందని అర్థం. తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు. ఆ తర్వాత నెలకోసారి ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టి, చేతులు ఆనించకుండా తల ఎత్తమని, దగ్గమని, మచ్చ పొడవునా అరచేత్తో తడిమి చూడు. ఎక్కడైనా ఉబ్బెత్తుగా తగిలితే చూపించాలి, అనుమానంగా ఉంటే సీటీ తీస్తారు. మొదటి మూడేళ్లు ఈ అలవాటు వదలకు. ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోయినా, నొప్పి, వాంతులు, గాలి పోకపోవడం ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు.

డిశ్చార్జి కాగితంలో ఏ దారం, ఏ మెష్, ఎక్కడ పెట్టారో రాయించుకో. ఆపరేషన్ తేదీ ఖాయమవగానే నాకు ఫోన్ చెయ్యి.

నీ,
గోపి