జంతికలు కిలోకి 15 రూపాయలు ఎందుకు పెంచామంటే

సంక్రాంతి ఆర్డర్లు మొదలయ్యాయి కాబట్టి ముందే చెప్పేస్తున్నాం. జంతికలు, చెక్కలు, చేగోడీలు కిలోకి 15 రూపాయలు పెరిగాయి. సున్నుండలు, నువ్వుండలు పాత రేటే, వాటిని నూనెలో వేయించే పనిలేదు కదా.

"యుద్ధం ఎక్కడో ఉక్రెయిన్‌లో జరిగితే బెజవాడలో జంతికల రేటేంటండీ" అని కౌంటర్ దగ్గర అడుగుతున్నారు. అడగాల్సిందే. కిలో జంతికల్లో సుమారు పావుకిలో నూనె ఉంటుంది. మేం కొనే పొద్దుతిరుగుడు నూనె కిలోకి 40 పెరిగింది, అంటే జంతికల మీద నేరుగా పడేది 10. మిగతా 5 మూకుట్లో మిగిలే నూనెది. అందులో పోలార్ పదార్థాలు (నూనె పదేపదే కాగితే పుట్టే చెడు పదార్థాలు) 25 శాతం దాటితే మళ్లీ వేయించకూడదని 2018 జులై నుంచి రూలు. నూనె రేటు మండినప్పుడు తప్పు జరిగేది ఇక్కడే. పాతదాంట్లో కొత్తది కలిపి లాగించేస్తారు. అప్పుడు నురగ పొంగుతుంది, మామూలు మంటకే పొగ లేస్తుంది, జంతిక చివర్న చిరుచేదు తగులుతుంది. మేం మిగిలిన నూనె బయోడీజిల్ వాళ్లకి ఇచ్చేస్తున్నాం.

ఇక యుద్ధం సంగతి. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద పడింది. మనం దిగుమతి చేసుకునే పొద్దుతిరుగుడు నూనెలో సింహభాగం అప్పటిదాకా ఉక్రెయిన్‌దే. (ఇప్పుడు రష్యా నుంచే ఎక్కువ వస్తోంది, అదో విచిత్రం.) నల్లసముద్రం రేవులు మూతపడేసరికి దేశాలన్నీ పామాయిల్ కోసం ఎగబడ్డాయి. అప్పటికే వంటనూనెకి కటకటగా ఉన్న ఇండోనేసియాలో ఏప్రిల్ నెలలో విద్యార్థులు రోడ్డెక్కారు, వాళ్ల గొడవల్లో నూనె రేటూ ఒకటి. అధ్యక్షుడు జోకో విడోడో ఏప్రిల్ 28 నుంచి పామాయిల్ ఎగుమతే ఆపేశారు. పామాయిల్ గెలలు కొనే దిక్కులేక అక్కడి రైతులు ఎదురుతిరిగారు, మే 23న నిషేధం ఎత్తేశారు. పోరు నల్లసముద్రం దగ్గర, ఊరేగింపులు జకార్తాలో, చేతిచమురు వదిలింది మాత్రం బెజవాడ పక్క గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్‌లో.

మన దగ్గరా అదే వరస, వంటింటికీ రైతుకీ మధ్య లాగులాట. బయటి నుంచి వచ్చే ముడి వంటనూనె మీద బేసిక్ సుంకం (అసలు దిగుమతి పన్ను) సున్నా ఉంటే వంటింటికి హాయి, సోయా రైతుకి మాత్రం 2024లో మద్దతు ధర కూడా దక్కలేదు. 2024 సెప్టెంబరులో, సోయా బాగా పండే మహారాష్ట్రలో ఎన్నికలకి రెండు నెలల ముందు, ఆ సుంకాన్ని 20 శాతం చేశారు. 2025 మే 30న 10కి దించారు. రైతుకి రేటు రావద్దని మేం అనం. కానీ దసరా, దీపావళి ఆర్డర్లు తీసుకున్నాక సుంకం మారితే ఆ తేడా మా జేబులోంచే పోతుంది.

పామాయిల్ కలపడం, అరకిలో ప్యాకెట్‌ని 450 గ్రాములు చేయడం తేలికే. ఆ రెండూ చేయం. 15 కిలోల డబ్బా మాకు ఎంత పడిందో ప్రతి సోమవారం కౌంటర్ పక్కన బోర్డు మీద రాస్తాం. అది పాత రేటుకి దిగిన వారమే 15 తగ్గిస్తాం.

ఇంట్లో వండుకునేవాళ్లు ప్యాకెట్ మీద లీటర్లు కాదు, గ్రాములు చూడండి. లీటరంటే సుమారు 910 గ్రాములు ఉండాలి. చిటికెడు పిండి వేస్తే వెంటనే పైకి తేలాలి. అడుగునే ఉండి నెమ్మదిగా లేస్తే నూనె కాగలేదన్నమాట, అప్పుడు వేసిన జంతిక నూనె పీల్చేస్తుంది.

ఆర్డర్లు భోగికి నాలుగు రోజుల ముందు వరకే తీసుకుంటాం.